ఫుట్‌బాల్ మ్యాచ్ వల్లే 1969లో యుద్ధం వచ్చిందా? పడని పొరుగు దేశాలకు ఇప్పుడు డ్రా ఎలా తీస్తారు?

క్విజ్_గుంటూరు:
స్పోర్ట్స్ క్విజ్‌కి ప్రశ్నలు తయారుచేస్తున్నాను. అందులో ఒకటి: “ఫుట్‌బాల్ మ్యాచ్ కారణంగా యుద్ధానికి దిగిన రెండు దేశాలేవి?” జవాబు ఎల్ సాల్వడార్, హోండురాస్ అని రాసుకున్నాను. మూడు సందేహాలున్నాయి.

ఒకటి, ఇలా అడిగితే ఎవరైనా తప్పు పడతారా? రెండు, ఆ 1970 ప్రపంచకప్ అర్హత పోటీల్లో మొదటి మ్యాచ్ హోండురాస్ 1-0, రెండోది ఎల్ సాల్వడార్ 3-0 అని కనిపిస్తోంది. గోల్స్ కలిపితే ఎల్ సాల్వడార్ 3-1తో నెగ్గినట్టే కదా, మరి మూడో మ్యాచ్ దేనికి? మూడు, ఇప్పుడు డ్రా తీసి జట్లను గ్రూపుల్లో వేసేటప్పుడు పడని దేశాలను ఒకే గ్రూపులో వెయ్యరని విన్నాను. రష్యా, ఉక్రెయిన్‌ల విషయంలో అలాగే చేశారు. కానీ 2023 శాఫ్ కప్‌లో (దక్షిణాసియా దేశాల ఫుట్‌బాల్ పోటీ) మనమూ పాకిస్తానూ ఒకే గ్రూపులో ఆడాం. తేడా ఎక్కడుంది?

మ్యాప్‌పిచ్చి:
“కారణంగా” అన్న మాట తీసెయ్యండి. చరిత్ర తెలిసినవాడు ఒక్కడున్నా మీ చేతిలో మైకు లాక్కుంటాడు.

ముందు మ్యాప్ చూడండి, రెండూ మధ్య అమెరికాలో పక్కపక్క దేశాలు. హోండురాస్ విస్తీర్ణం సుమారు 1,12,000 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు మన తెలంగాణంత. ఎల్ సాల్వడార్ 21,000, విడిపోకముందు అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది, అంతే. జనం మాత్రం తిరగబడి ఉన్నారు. అప్పట్లో చిన్న దేశంలో 30 లక్షలు దాటి ఉంటే, పెద్ద దేశంలో పాతిక లక్షల చిల్లర. చిన్న దేశంలో కాఫీ తోటలన్నీ కొన్ని కుటుంబాల చేతుల్లో ఉండిపోయాయి. సెంటు భూమి లేనివాళ్లు ఏళ్ల తరబడి సరిహద్దు దాటి హోండురాస్‌లో బీడు కొట్టి, మొక్కజొన్న వేసుకుని బతికారు. 1969 నాటికి అలా వెళ్లినవాళ్లు సుమారు 3 లక్షలని లెక్క. అంటే హోండురాస్‌లో ఎనిమిది తొమ్మిది మందిలో ఒకరు సాల్వడార్ మనిషి. చాలామందికి కాగితాలు లేవు.

అక్కడి రైతులు కూడా భూమి కోసం గొడవ చేస్తున్నారు. పెద్ద భూస్వాముల జోలికి పోవడం ప్రభుత్వానికి ఇష్టం లేదు. 1962 నాటి భూసంస్కరణ చట్టంలో ఒక దారి దొరికింది: పంచే భూమి హోండురాస్‌లో పుట్టినవాళ్లకే. ఈ చట్టాన్ని 60ల చివర్లో గట్టిగా అమలు చెయ్యడం మొదలుపెట్టారు. 1969 జనవరిలో రెండు దేశాల మధ్య ఉన్న వలస ఒప్పందం గడువు తీరింది, హోండురాస్ దాన్ని పొడిగించలేదు. ఏప్రిల్‌కల్లా పుట్టుక రుజువు చూపలేనివాళ్లను భూముల నుంచి ఖాళీ చేయిస్తామని ప్రకటన వచ్చింది. మే నెలాఖరుకు సాల్వడార్ కుటుంబాలు తిరుగుముఖం పట్టాయి. తొలి మ్యాచ్ జూన్ 8న. తేదీల వరస ఇది.

మరి మ్యాచ్‌ల పాత్ర ఏమీ లేదా అంటే, ఉంది. జూన్ 15న జరిగిన రెండో మ్యాచ్ తర్వాత హోండురాస్‌లో సాల్వడార్ వలసదారుల ఇళ్ల మీదా దుకాణాల మీదా దాడులు జరిగాయి, వేలమంది సరిహద్దు వైపు పరుగెత్తారు. భూమి తగాదా పల్లెల్లో నడుస్తున్నంత కాలం పట్నంలో ఎవరికీ పట్టలేదు. మ్యాచ్ వల్ల అది పట్నం వీధికి వచ్చింది, రేడియోలోకి ఎక్కింది, అటు హోండురాస్‌లో లోపెస్ అరెయానో ప్రభుత్వానికీ ఇటు ఎల్ సాల్వడార్‌లో సాంచెస్ ఎర్నాందెస్ ప్రభుత్వానికీ వెనక్కి తగ్గడం కష్టమైంది. కాకి వాలగానే తాటిపండు పడిందని కొట్టిపారేసేవాళ్లతోనూ నేను ఏకీభవించను, కాకే పండును కోసిందనేవాళ్లతోనూ ఏకీభవించను.

లెఫ్ట్‌బ్యాక్_3:
రెండో ప్రశ్నకి జవాబు నేను చెప్తా. ఆ రోజుల్లో ఈ అర్హత పోటీల్లో గోల్స్ మొత్తం చూడలేదు, పాయింట్లే చూశారు. గెలుపుకి 2 పాయింట్లు. చెరొకటి గెలిచారు, చెరి 2. సమానమైతే తటస్థ దేశంలో మూడో మ్యాచ్.

జూన్ 8, తెగుసిగల్ప (హోండురాస్ రాజధాని): హోండురాస్ 1-0, గోల్ ఆఖరి నిమిషాల్లో.
జూన్ 15, సాన్ సాల్వడార్ (ఎల్ సాల్వడార్ రాజధాని): ఎల్ సాల్వడార్ 3-0.
జూన్ 27, మెక్సికో సిటీ అజ్తెకా స్టేడియం: 90 నిమిషాలకు 2-2, అదనపు సమయంలో 101వ నిమిషాన మౌరీసియో ‘పీపో’ రోద్రిగెస్ కొట్టిన గోల్‌తో ఎల్ సాల్వడార్ 3-2.

రెండు ఊళ్లలోనూ మ్యాచ్ ముందురోజు రాత్రి ఒకటే తంతు: అతిథి జట్టు దిగిన హోటల్ చుట్టూ జనం చేరి హారన్లు, టపాసులు, కిటికీల మీద రాళ్లు. ఆటగాళ్లకు నిద్ర లేకుండా చెయ్యడమే లెక్క. ఆ రెండు స్కోర్లలో ఆటెంత, నిద్రలేమి ఎంత అన్నది ఎవరు తేల్చగలరు? అజ్తెకాలో ఇద్దరూ నిద్రపోయి వచ్చారు, మ్యాచ్ అదనపు సమయం దాకా సాగింది.

మీ క్విజ్‌కి పనికొచ్చే మెలిక ఒకటి చెప్తాను. గోల్స్ మొత్తం నిబంధన ఉండి ఉంటే హోండురాస్‌తో మూడో మ్యాచ్ అవసరమే ఉండేది కాదు, నిజమే. కానీ ఆ తర్వాతి రౌండులో ఎల్ సాల్వడార్ హైతీని వాళ్ల ఊళ్లో 2-1తో ఓడించి, సొంత ఊళ్లో 0-3తో ఓడింది. మొత్తం చూస్తే 2-4, ఇంటికే. పాయింట్ల నిబంధన వల్ల కింగ్‌స్టన్‌లో మూడో మ్యాచ్ దొరికి, 1-0తో గట్టెక్కింది. ఇంతా చేసి 1970 ప్రపంచకప్‌లో బెల్జియం చేతిలో 0-3, మెక్సికో చేతిలో 0-4, సోవియట్ యూనియన్ చేతిలో 0-2. ఒక్క గోల్ లేదు.

క్విజ్_గుంటూరు:
హైతీ సంగతి అసలు తెలీదు, థాంక్సండీ. యుద్ధం గురించి కూడా రెండు ముక్కలు చెప్తారా? మూడో ప్రశ్న అలాగే ఉండిపోయింది.

మ్యాప్‌పిచ్చి:
మూడో మ్యాచ్ జరిగే వేళకే దౌత్య సంబంధాలు తెగిపోయాయి. జూలై 14 సాయంత్రం సాల్వడార్ విమానాలు తెగుసిగల్పలోని తొన్‌కొంతీన్ విమానాశ్రయం మీద బాంబులు వేశాయి, సైన్యం సరిహద్దు దాటి నుయేవా ఒకొతెపేకే పట్నాన్ని పట్టుకుంది. నేల మీద ఎల్ సాల్వడార్‌ది పైచెయ్యి, గాలిలో హోండురాస్‌ది. హోండురాస్ విమానాలు ఎల్ సాల్వడార్‌లోని అకహూత్లా రేవులో ఉన్న చమురు ట్యాంకుల మీద దెబ్బకొట్టాయి. ఇంధనానికి ఎసరొచ్చాక ముందుకు పోయే దారి లేదు. అమెరికా ఖండ దేశాల సంస్థ ఒత్తిడితో 18 రాత్రి కాల్పుల విరమణ, ఆగస్టు మొదట్లో సేనల ఉపసంహరణ. 14 సాయంత్రం నుంచి 18 రాత్రి దాకా సుమారు 100 గంటలు, అందుకే “వంద గంటల యుద్ధం” అనే పేరు కూడా ఉంది.

జూలై 17న హోండురాస్ పైలట్ ఫెర్నాందో సోతో తన కోర్సేర్ యుద్ధవిమానంతో మూడు సాల్వడార్ విమానాలను కూల్చాడు. ఇరువైపులా రెండో ప్రపంచయుద్ధం తరం ప్రొపెల్లర్ విమానాలే. అలాంటివి గాలిలో ఒకదాన్నొకటి కూల్చుకోవడం అదే ఆఖరని చెప్తారు. చనిపోయినవాళ్లు రెండు మూడు వేలని సాధారణ అంచనా, ఎక్కువమంది మామూలు జనం. శాంతి ఒప్పందం 1980 అక్టోబరు 30న లిమాలో. సరిహద్దు మీద అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు 1992లో.

పాత_లైన్స్‌మన్:
మూడో ప్రశ్నకి వద్దాం. “పడని దేశాలు” అన్నది ఎవరో ఊహించుకునే జాబితా కాదు. యూరప్‌లో యూఎఫా (అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్య) కార్యవర్గం డ్రాకి ముందే నిషిద్ధ జతలు, అంటే ఒకే గ్రూపులో వెయ్యకూడని జతలు, ప్రకటిస్తుంది. స్పెయిన్–జిబ్రాల్టర్, కొసావో–సెర్బియా, కొసావో–బోస్నియా ఇలాంటివి. రష్యా–ఉక్రెయిన్ జత 2014లో చేరింది. 2022 ఫిబ్రవరి నెలాఖరులో రష్యానే సస్పెండ్ చేశారు కాబట్టి ఇప్పుడా జత అవసరమే రావట్లేదు.

డ్రాలో జరిగేది ఇది. బంతి తీస్తారు, టీమ్ పేరు చదువుతారు, వరుసలో మొదట ఖాళీగా ఉన్న గ్రూపులో వేస్తారు. నిషిద్ధ జత తగిలితే ఆ గ్రూపు దాటించి తర్వాతి దాంట్లో వేస్తారు. ఇంతవరకు టీవీలో అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది దారి మూసుకుపోవడం. ఉదాహరణకి చివరి పాట్‌లో (ర్యాంకుల ప్రకారం జట్లను విడగొట్టి వేసే గిన్నె) మూడు టీమ్‌లు మిగిలాయనుకోండి. ఖాళీ గ్రూపులు ఎ, బి, సి. బిలో సెర్బియా, సిలో బోస్నియా ఉన్నాయి. మిగిలిన టీమ్‌లలో కొసావో ఒకటి. ముందు ఫిన్లాండ్ బంతి వచ్చింది. మామూలుగా ఎ గ్రూపులో వెయ్యాలి. వేస్తే కొసావోకి మిగిలేవి బి, సి మాత్రమే, రెండూ నిషిద్ధం, డ్రా ఆగిపోతుంది. అందుకే కంప్యూటర్ ముందుచూపుతో ఎ గ్రూపుని కొసావో కోసం అట్టిపెట్టి ఫిన్లాండ్‌ని బిలోకి పంపిస్తుంది. చూసేవాళ్లు “ఫిక్సింగ్” అని గోల చేసేది సరిగ్గా ఇక్కడే.

2018 ప్రపంచకప్ అర్హత పోటీల్లో నిజంగానే ఇలాంటిది వచ్చింది. కొసావో, జిబ్రాల్టర్ 2016 మేలో ఫిఫాలో చేరాయి, డ్రా ఎప్పుడో అయిపోయింది. ఐదేసి టీమ్‌లున్న గ్రూపులు రెండే, హెచ్, ఐ. హెచ్‌లో బోస్నియా ఉంది. కాబట్టి కొసావో ఐకి, జిబ్రాల్టర్ హెచ్‌కి. చీటీలు తీసే పనే లేకపోయింది.

మన ప్రాంతానికి వస్తే, శాఫ్ కప్ డ్రాలో భారత్–పాక్‌లను విడదీసే నిషేధం లేదు, అంతే తేడా. అక్కడ చిక్కు వీసా. 2023 జూన్ 21న బెంగళూరు కంఠీరవలో మ్యాచ్, పాకిస్తాన్ జట్టు దిగింది అదే రోజు. అలసిన కాళ్లతో ఆడి 0-4తో ఓడారు, ఛెత్రికి హ్యాట్రిక్. ఆ మ్యాచ్‌లో గొడవకి మూలం రాజకీయం కూడా కాదు: విరామానికి కాస్త ముందు పాక్ ఆటగాడు త్రో వెయ్యబోతుంటే అప్పటి మన కోచ్ స్టిమాచ్ బంతిని చేత్తో లాగేశాడు, తోపులాట, రెడ్ కార్డ్. అయినా వార్తల్లో మాత్రం “సరిహద్దు వేడి” అనే రాశారు.

లెఫ్ట్‌బ్యాక్_3:
ఒక్క సవరణ. జాబితాలో లేకపోయినంత మాత్రాన భయం లేదని కాదు. సెర్బియా–అల్బేనియా జత ఎప్పుడూ నిషిద్ధం కాలేదు. 2014 అక్టోబరు 14న బెల్‌గ్రేడ్ పార్టిజాన్ స్టేడియంలో యూరో అర్హత మ్యాచ్. జాగ్రత్తగా అతిథి అభిమానుల్ని రానివ్వలేదు. అందరూ గేట్లనే చూశారు, ఆకాశాన్ని ఎవరూ చూడలేదు. 0-0గా ఉండగా 40 నిమిషాలు దాటాక ఒక డ్రోన్ పొరుగు దేశాల ప్రాంతాలు కూడా కలిపి చూపే అల్బేనియా విశాల పటం ఉన్న జెండాతో మైదానం మీదికి వచ్చింది. సెర్బియా డిఫెండర్ స్టెఫాన్ మిత్రోవిచ్ దాన్ని కిందికి లాగాడు, అల్బేనియా ఆటగాళ్లు అతని చేతిలోంచి లాక్కోబోయారు, జనం మైదానంలోకి దూకారు, ఒకడు ప్లాస్టిక్ కుర్చీతో అల్బేనియా ఆటగాణ్ణి కొట్టాడు. రిఫరీ మార్టిన్ అట్కిన్సన్ జట్లను లోపలికి పంపాడు, మ్యాచ్ మళ్లీ మొదలవలేదు.

ఇక పాయింట్ల లెక్క. యూఎఫా మొదట సెర్బియాకి 3-0 గెలుపు ఇచ్చి, మళ్లీ అదే సెర్బియాకి 3 పాయింట్లు కోసింది, ఇద్దరికీ చెరో లక్ష యూరోల జరిమానా. అల్బేనియా తిరిగి ఆడటానికి నిరాకరించిందని వాదన. 2015 జూలైలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం తిరగరాసింది: అల్బేనియా ఆటగాళ్ల మీద అభిమానులతో పాటు కనీసం ఒక స్టీవర్డ్ కూడా చెయ్యి చేసుకున్నాడు, భద్రత ఆతిథ్య సంఘం బాధ్యత, కాబట్టి 3-0 అల్బేనియాకి. సెర్బియా కోత అలాగే ఉంది. చివరికి అల్బేనియా 14 పాయింట్లు, డెన్మార్క్ 12. ఆ మూడు తీసేస్తే 11. అంటే అల్బేనియా నేరుగా యూరో 2016కి వెళ్లడానికి అక్షరాలా ఆ తీర్పే ఆధారం.

పాత_లైన్స్‌మన్:
ఒప్పుకుంటున్నా. ఇంకో పద్ధతి కూడా ఉంది, మ్యాచ్ ఉంచి ఊరు మార్చడం. 2008లో ఉత్తర కొరియా దక్షిణ కొరియా జాతీయగీతానికీ జెండాకీ ఒప్పుకోలేదు, ఉత్తరం ఆతిథ్యమివ్వాల్సిన మ్యాచ్‌లు షాంఘైకి పోయాయి. 2019 అక్టోబరు 15న ప్యాంగ్యాంగ్‌లోనే ఆడారు: ప్రేక్షకులు లేరు, ప్రత్యక్ష ప్రసారం లేదు, దక్షిణ కొరియా విలేకరులకు ప్రవేశం లేదు, 0-0. ఖాళీ స్టేడియం పెడితే గొడవ రాదు, ఆటా రాదు. నా ఓటు షాంఘై పద్ధతికే.

క్విజ్_గుంటూరు:
ప్రశ్న ఇలా మార్చాను, చూడండి: “1969లో ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లు జరుగుతుండగా సంబంధాలు తెంచుకుని, మరుసటి నెలలో సుమారు 100 గంటలు యుద్ధం చేసిన మధ్య అమెరికా దేశాలేవి?”

మ్యాప్‌పిచ్చి:
బాగుంది, తిరుగులేదు. బోనస్ ప్రశ్న కావాలంటే ఇదిగో. స్పెయిన్‌లో జరిగిన 1982 ప్రపంచకప్‌కి అర్హత టోర్నీ 1981 నవంబరులో తెగుసిగల్పలో జరిగింది, 1969 జూన్ 8 మ్యాచ్ ఆడిన స్టేడియంలోనే. హోండురాస్ అప్పటికే అర్హత సాధించేసింది, చివరి మ్యాచ్ మెక్సికోతో. మెక్సికో గెలిస్తే 6 పాయింట్లతో, మెరుగైన గోల్స్ తేడాతో ఎల్ సాల్వడార్‌ని వెనక్కి నెట్టేది. హోండురాస్ వదల్లేదు, 0-0. మ్యాచ్‌ని సమం చేసి ఎల్ సాల్వడార్‌ని స్పెయిన్‌కి పంపింది ఏ దేశం అని అడగండి.