19 ఏళ్లుగా కదలని జావా 250: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మెరూన్_ట్యాంకు:
అందరికీ నమస్కారం. పాత బండ్ల పనికి పూర్తిగా కొత్తవాణ్ణి. మా నాన్నగారి జావా 250, టైపు 353, ఆయన పోయాక 19 ఏళ్లుగా గోడ పక్కనే ఉండిపోయింది. ఇప్పుడు నా చేతికొచ్చింది. కిక్ అస్సలు దిగడం లేదు, ఇంజన్ బిగుసుకుపోయింది. ట్యాంకు లోపల తుప్పు, పైన మూత చుట్టూ పెట్రోలు ఒలికి ఒలికి రంగు పోయి రేకు కనిపిస్తోంది. మొత్తం విప్పేసి రంగు, క్రోమ్ చేయించి కొత్తదానిలా నిలబెట్టాలని ఉంది. ముందు ఏది ఇవ్వాలి, పెయింటుకా, ఇంజన్‌కా?

స్పోకుల_చక్రం:
తమ్ముడూ, ఇంకా ఏదీ ఎవరికీ ఇవ్వొద్దు. ఆ కిక్ మీద నిలబడి తొక్కొద్దు కూడా. జావాలో గేరు వేసేదీ కిక్ కొట్టేదీ ఒకే రాడ్డు కదా, బిగిసిన ఇంజన్ మీద బలం చూపిస్తే లోపలి పళ్లు అరిగిపోతాయి. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి తుప్పు వదిలించే పల్చటి ఆయిల్ పోయ్. ఇది టూ-స్ట్రోక్ (పెట్రోల్లోనే ఆయిల్ కలిపి నడిపే ఇంజన్), పోసింది సిలిండర్ గోడలో ఉండే రంధ్రాల (పోర్టుల) గుండా జారిపోతూ ఉంటుంది, అందుకని ఒకేసారి నింపకుండా రోజూ కొద్దికొద్దిగా పోస్తూ ఉండు. వారం తర్వాత సెంటర్ స్టాండు వేసి, టాప్ గేరులో పెట్టి, వెనక చక్రాన్ని రెండు చేతులతో ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపు. వెంట్రుకవాసి కదిలినా చాలు, ఆ రోజుకి ఆపేయ్, మళ్లీ ఆయిల్ పోయ్. నా బండికి 16 రోజులు పట్టింది. 10వ రోజున సుత్తి తీసుకుందామనిపించింది, తీసుకోలేదు కాబట్టే ఈ రోజు పాత బోరుతోనే, అంటే సిలిండర్ లోపలి గోడ కోయించకుండానే తిరుగుతోంది.

కొత్త_క్రోమ్:
మొత్తం విప్పడం గురించి నా అనుభవం చెప్తాను. నా మొదటి బండిని ఒకే ఆదివారం పూర్తిగా విప్పేశాను, బోల్టులన్నీ ఒకే డబ్బాలో వేశాను, ఒక్క ఫొటో తియ్యలేదు. మళ్లీ బిగించడానికి నాలుగేళ్లు పట్టింది. ఏ వాషరు ఎక్కడిదో, క్లచ్ కేబుల్ ఫ్రేముకి ఏ పక్కనుంచి వెళ్లేదో గుర్తు లేక, వేరేవాళ్ల బండ్ల ఫొటోలు చూస్తూ కూర్చున్నాను. అంతకన్నా పెద్ద బాధ ఏంటంటే, ఫ్రేము రంగు తీయడానికి ఇచ్చిన చోట ఇసుకతో కొట్టి ఛాసిస్ నంబరు దాదాపు చెరిపేశారు. అది మళ్లీ రాదు. మీరు ముందు ఇంజన్, ఛాసిస్ నంబర్లు రెండూ దగ్గరగా ఫొటో తీసుకోండి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు కూడా తీసుకోండి, రికార్డుల్లో ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో చూసుకోండి. ఇంకో మాట, ఇంజన్ కేసుల్ని ఎవరైనా గాజుపూసలతో కొట్టి మెరిపిస్తామంటే ఒప్పుకోకండి. సందుల్లో ఒక్క పూస మిగిలినా బేరింగులు పోతాయి.

పాయింట్ల_గ్యాప్:
రంగు సంగతి ఆఖర్న చూసుకోవచ్చు, ముందు బండి నడవాలి. ఇంజన్ వదిలాక కూడా వెంటనే స్టార్ట్ చేసెయ్యాలని తొందరపడకండి, ఇన్నేళ్లు నిలిచిన టూ-స్ట్రోక్‌లో క్రాంక్ సీళ్లు (క్రాంక్ షాఫ్టుకి రెండు పక్కలా గాలీ ఆయిలూ దూరకుండా ఆపే రబ్బరు రింగులు) గట్టిపడిపోయి ఉంటాయి. పెట్రోలు ముందు పిస్టన్ కింద ఉండే క్రాంక్ కేసులోకే వస్తుంది కాబట్టి అక్కడ గాలి లీకైతే పెట్రోలు, గాలి మిశ్రమం మొత్తం మారిపోతుంది. జావాలో ఎడమ సీలు పోతే గేర్‌బాక్సు ఆయిల్‌ని ఇంజన్ పీల్చుకుంటుంది, తెల్లపొగ కమ్మేస్తుంది, గేరు ఆయిల్ తగ్గిపోతుంది. అదైనా కంటికి కనిపిస్తుంది. డైనమో ఉన్న కుడిపక్క సీలు పోతే పొగ ఉండదు, బయటి గాలి లోపలికొస్తుంది, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం దిగదు, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. చాలామంది కార్బొరేటర్ జెట్లు మారుస్తూ నెలలు పోగొట్టుకునేది ఇక్కడే. పాయింట్లు (స్పార్క్ కోసం కాయిల్ కరెంటుని కలిపి తెంచే చిన్న స్విచ్చు) శుభ్రం చేసి గ్యాప్ 0.4 మి.మీ. దగ్గర పెట్టండి, 6 వోల్టుల బండి కాబట్టి ప్రతి ఎర్త్ కనెక్షనూ గీకి మళ్లీ బిగించండి. స్పార్క్ రాదని కాయిల్ కొనే ముందు ఇది చేయండి.

గ్రీజు_చేతులు:
ట్యాంకుకి నేను సిట్రిక్ యాసిడ్ వాడతాను. వేడినీళ్లలో కలిపి నింపి ఒక రోజు ఉంచి, పారబోసి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి కాస్త ఆయిల్ తిప్పాలి. ఆ "వెంటనే" ముఖ్యం, తడిగా ఒక రాత్రి వదిలేస్తే మళ్లీ తుప్పే. యాసిడ్ నీళ్లు బయట రంగు మీద ఒలకనివ్వొద్దు. పాత బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, డ్రమ్ముల్లో దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. టైర్లు చూడ్డానికి బాగున్నా తీసేయండి.

స్పోకుల_చక్రం:
@పాయింట్ల_గ్యాప్ రంగు దగ్గర నేను ఇంకో అడుగు వేస్తాను, అసలు వేయించనే వద్దంటాను. కొత్త రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, ఫ్యాక్టరీలో వేసింది ఒక్కసారే.

కొత్త_క్రోమ్:
అన్నా, మీ మాట కాదనను కానీ తుప్పు రేకుని తినేస్తుంటే రంగు కాపాడి ఏం లాభం? నా మడ్‌గార్డు అలాగే చిల్లులు పడింది. పాడవుతున్న చోట ఆపాలి, మిగతాది వదిలేయాలి.

మెరూన్_ట్యాంకు:
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. 12వ రోజున చక్రం వేలెడంత కదిలింది, గట్టిగా అరిచాను, అమ్మ భయపడి బయటికొచ్చింది. ట్యాంకు సిట్రిక్‌తో కడిగాను, పాయింట్లూ ఎర్త్‌లూ చేశాను. సీళ్లు మార్చకుండా ఒక్కసారి వినాలని ఆగలేక కిక్ కొట్టాను, తప్పే. కొన్ని సెకన్లు ఆడింది. తెల్లపొగ, అచ్చం మీరు చెప్పినట్టే గేరు ఆయిల్ తగ్గింది. ఆపేసి ఇంజన్ దించాను.

ఇంకో సంగతి. టూల్ బాక్సులో ఒక చిన్న కొలత గ్లాసు దొరికింది, అడుగున ఇంకా ఆయిల్ జిడ్డు ఉంది. నాన్నగారు పెట్రోలు పోయించిన ప్రతిసారీ దాంతోనే ఆయిల్ కొలిచి ట్యాంకులో పోసేవారని అమ్మ చెప్పింది. మూత చుట్టూ రంగు అందుకే పోయిందట. అక్కడ రంగు వేయించను. తుప్పు పట్టకుండా మైనం రాస్తాను, అంతే.

పాయింట్ల_గ్యాప్:
సీళ్లు రెండూ ఒకేసారి మార్చండి, ఒకటే మార్చి మూసేయొద్దు. పాతవి పారేయకండి, కొత్తవాటి పక్కన పెట్టి కొలిచాకే లోపలికి నొక్కండి. ఆయిల్ పాళ్లు నేనైతే 25కి 1 వేస్తాను, లీటరు పెట్రోలుకి 40 మి.లీ. ఆ గ్లాసులో ఎంత పడుతుందో కొలిచి చెప్పండి.