పొద్దున మూడు బాక్సులు, రాత్రి మనిషికో కూర... మీరెలా నెట్టుకొస్తున్నారు?

నిజాంపేట అమ్మ

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, నిజాంపేట. పాప నాలుగో తరగతి, బాబు యూకేజీ. స్కూల్ బస్సు 7:20కి గేటు ముందుకొచ్చేస్తుంది. ఆలోపు టిఫిన్లు, పిల్లలకు రెండు బాక్సులు, నాకో బాక్సు. మావారిది సెకండ్ షిఫ్ట్. మధ్యాహ్నం ఇంట్లో తిని వెళ్తారు, వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. అత్తయ్యగారికి షుగర్. మాత్ర వేసుకుంటారు కాబట్టి ఏడున్నరకల్లా తినెయ్యాలి. నేను మాదాపూర్‌లో ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఏడవుతుంది.

పొద్దున సంగతి ఎలాగోలా గడిచిపోతోంది. నా టెన్షనంతా రాత్రి భోజనంతోనే. పాప కూరలో ముక్క కనిపిస్తే చాలు, ఏరి పక్కన పెట్టేస్తుంది. దానికి రోజూ ఆలూ వేపుడు కావాలి. బాబు పెరుగన్నం తప్ప ఏదీ ముట్టడు. అదీ ఫోన్‌లో బొమ్మలు పెడితేనే నోరు తెరుస్తాడు. గిన్నె పట్టుకుని వాడి వెనకాలే తిరగడానికి గంట. అత్తయ్యగారికి కారం, నూనె తక్కువ వెయ్యాలి. మావారికి రాత్రి చారో పులుసో ఉంటే గానీ ముద్ద దిగదు. అంటే రోజూ మనిషికో వంట. అందరి తిండ్లూ అయ్యేసరికి తొమ్మిదిన్నర, ఆ తర్వాత గిన్నెలు.

బాబు మూడున్నరకి స్కూలు నుంచి వస్తాడు. అత్తయ్యగారు బిస్కెట్లు పెడతారు. మళ్లీ ఆరున్నరకి పెద్ద గ్లాసుడు పాలు, పౌడర్ కలిపి ఇస్తారు. ప్రేమతో ఇస్తున్నారు కదా, నేనేమీ అనలేను. వంటమనిషిని పెట్టుకుంటే ఆ వంట ఎవరికీ సయించలేదు.

ఉద్యోగం మానెయ్యమని మాత్రం దయచేసి రాయకండి. అది కుదరదు, నాకు ఇష్టమూ లేదు. ఇంట్లో చిన్న పిల్లలు, పెద్దవాళ్లు ఉండి ఉద్యోగం చేస్తున్న అమ్మలు రాత్రి వంట ఎలా నడుపుతున్నారో చెప్పండి.

బెజవాడ టీచర్

నేను కృష్ణలంకలో ఉంటాను, మా స్కూలు ఊరవతల. ఆరున్నరకే బయల్దేరాలి కాబట్టి నా వంట సగం ఆదివారమే అయిపోతుంది.

పొద్దున్నే రైతుబజారుకి వెళ్లొచ్చి టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీసేస్తాను. బీన్స్, దొండకాయ కోసి విడివిడిగా డబ్బాల్లో పెడతాను. దొండకాయలు మూడు రోజులు బాగానే ఉంటాయి. బెండకాయలు కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, కాయలుగానే ఉంచుతాను. వంకాయ మాత్రం ముందు కొయ్యొద్దు, నల్లబడుతుంది. గోంగూర వలిచి ఓ చుక్క నూనెలో మగ్గించి ఫ్రిజ్‌లో పెడితే పప్పులోకీ వస్తుంది, పచ్చడికీ వస్తుంది.

పులిహోర గుజ్జు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. పావుకిలో చింతపండు వేడినీళ్లలో నానబెట్టి చిక్కగా తీసి, పసుపు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికించండి. చల్లారాక గాజు సీసాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, తడి చెంచా తగలనివ్వకండి. పొద్దున లేవడం ఆలస్యమైన రోజు అన్నం వండి పోపు వేసి కలిపితే మూడు బాక్సులూ అయిపోతాయి.

ఇడ్లీపిండి గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ. మొదటి రెండు రోజులు ఇడ్లీ, పులుపెక్కాక ఉల్లిపాయ, క్యారెట్ తురుము వేసి మందంగా అట్లు. మీ పాప ముక్కలు ఏరేస్తుందన్నారుగా, అట్టులో క్యారెట్ ఏరడానికి ఉండదు.

గాజువాక నాన్న

అమ్మల్ని అడిగారు, అయినా రాస్తున్నాను. నాదీ షిఫ్ట్ డ్యూటీయే, మా ఆవిడ బ్యాంకులో చేస్తుంది.

సెకండ్ షిఫ్ట్ అంటే మీవారు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటారు కదండీ. రాత్రి పదకొండుకి వచ్చి పడుకున్నా తొమ్మిదింటికి లేవొచ్చు. నాకు బి షిఫ్ట్ పడిన వారం రాత్రికి కావలసిన కూర, చారు నేనే చేసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి డ్యూటీకి వెళ్తాను. మా ఆవిడ వచ్చి అన్నం కుక్కర్ పెట్టి, కూర వేడి చేసుకుంటుంది, అంతే. నాకు మొదట చారు, బంగాళాదుంప కూర తప్ప ఏమీ రావు. ఇప్పుడు ఆనపకాయ పులుసు కూడా పెడతాను.

ఆయన్ని సాయం చెయ్యమని అడగకండి. సాయమంటే ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. సెకండ్ షిఫ్ట్ ఉన్నన్నాళ్లు రాత్రి కూర ఆయనదే అని తేల్చి చెప్పెయ్యండి. ఏం కూరో కూడా ఆయన్నే ఆలోచించుకోమనండి. ‘ఈరోజు ఏం వండాలి’ అన్న బెంగ మీ బుర్రలోంచి పోవడమే సగం విశ్రాంతి.

హనుమకొండ సిస్టర్

చెల్లీ, నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, నీకు మా చిన్న చెల్లి వయసుంటుంది. నేను ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. డ్యూటీలు మారుతుంటాయి. మా ఇద్దరు అబ్బాయిలూ ఇలాగే పెరిగారు, పెద్దవాడిప్పుడు ఇంటర్.

నువ్వు రాసినదాంట్లో పాపకేం కావాలో ఉంది, బాబుకేం కావాలో ఉంది, అత్తయ్యగారిదీ ఉంది, మీ ఆయనదీ ఉంది. నువ్వేం తింటున్నావో, ఎన్నింటికి తింటున్నావో ఒక్క ముక్క లేదు. తొమ్మిదిన్నర తర్వాత పొయ్యి దగ్గర నిలబడి, బాబు వదిలేసిన పెరుగన్నం, అడుగున మిగిలిన కూర తిని పడుకుంటున్నావేమోనని నా భయం. ఆయాసం, నీరసం, కళ్లు తిరుగుతున్నాయని మా దగ్గరికొచ్చే నీ వయసు వాళ్లకి పరీక్ష చేస్తే రక్తం తక్కువుండటం మాకు రోజూ కనిపించేదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందులో తిండికి లేనివాళ్లే కాదు, అందరికీ పెట్టి మిగిలింది తినేవాళ్లూ ఉంటారు.

కాబట్టి మొదట ఒక్క పని చెయ్యి. అత్తయ్యగారు ఏడున్నరకి తప్పకుండా కూర్చోవాలి కదా, మీరు ముగ్గురూ అప్పుడే కూర్చోండి. హాల్లో చాప వేసి నాలుగు కంచాలు పెట్టు, నీ కంచంతో సహా. మీ ఆయన వాటా మూతపెట్టి ఉంచితే వచ్చాక వేడి చేసుకుంటాడు.

ఏడింటికి ఇల్లు చేరి ఏడున్నరకి భోజనం ఎలా అంటావేమో. నాలుగు వంటలు కావు, ఒక వంట అవుతుంది. రెండు రోజులకు సరిపడా ముద్దపప్పు ఒకేసారి ఉడికించుకో. కందిపప్పు అరగంట నానితే మూడు విజిల్స్‌కే మెత్తబడుతుంది. ఉప్పు, పులుపు వెయ్యకుండా ఫ్రిజ్‌లో పెట్టు. రాత్రి అందులోంచి కావలసినంత తీసి, ఉప్పు, పసుపు వేసి ఒక్క ఉడుకు రానిస్తే, బాబుకి అందులోదే రెండు చెంచాలు, పైన నెయ్యి. మిగిలినదాంట్లో టమాటానో పాలకూరో వేసి ఉడికించాక అత్తయ్యగారిది తీసెయ్యి. ఆ తర్వాత కారం, తాలింపు పెడితే అది నీకూ, పాపకూ, మీ ఆయనకూ. గిన్నె ఒకటే, తియ్యడమే వేరు.

మీ ఆయనకి పులుసు కావాలంటే పచ్చిపులుసు ఉంది, దానికి పొయ్యితో పెద్ద పని లేదు. ఆఫీసు నుంచి రాగానే నిమ్మకాయంత చింతపండు నీళ్లలో వేసెయ్యి. నువ్వు కాళ్లు కడుక్కుని వచ్చేసరికి నానుతుంది. రెండు పచ్చిమిరపకాయలు మంట మీద పొక్కులు వచ్చేదాకా కాల్చి, ఉప్పు, జీలకర్ర వేసి చేత్తోనే నలుపు. చింతపండు రసం పల్చగా పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, చిటికెడు బెల్లం వేసి, ఎండుమిర్చి తాలింపు పెట్టు. కాల్చిన మిరపకాయ వాసన, పచ్చి ఉల్లిపాయ కరకర, ముద్దపప్పు పక్కన ఇంకో కూర అడగరు. మా ఇంట్లో వేసవి కాలమంతా రాత్రిళ్లు ఇదే.

ఇక బాబు సంగతి. ఆరున్నరకి పెద్ద గ్లాసు పాలు తాగిన అయిదేళ్ల పిల్లాడికి ఏడున్నరకి ఆకలి ఉండదమ్మా. ఆకలి లేని పిల్లాడు ఫోన్ చూపిస్తేనే నోరు తెరుస్తాడు, ఎంత తిన్నాడో వాడికే తెలియదు. వాణ్ణి మొండివాడు అనకు. పాలు మూడున్నరకి మార్చు. పాలతో పాటు అరటిపండో, ఉడికించిన శనగలో, పల్లీపట్టీయో పెట్టు. అయిదు దాటాక మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. ఏడున్నరకి వాడే వచ్చి కూర్చుంటాడు. కంచంలో కొంచెమే పెట్టు. చేత్తో తిననివ్వు, కింద పోస్తే పాత పేపరు పరిచి పెట్టు. అరగంటలో తిన్నంత తింటాడు, తర్వాత కంచం తీసెయ్యి. తినలేదని వెనకాల తిరగొద్దు, తిట్టొద్దు, మళ్లీ బిస్కెట్టూ ఇవ్వొద్దు. అమెరికాలో ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు ఏళ్ల నుంచి ఇదే చెప్తున్నారు. ఏం పెట్టాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దవాళ్లు చూసుకోవాలి, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లలకు వదిలెయ్యాలి. మొదటి వారం ఏడుస్తాడు. నీకు కడుపు తరుక్కుపోతుంది, నాకు తెలుసు. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి ఒక పూట తక్కువ తింటే ఏమీ కాదు.

బరువు మాత్రం చూస్తూ ఉండు. నెలల తరబడి పెరగకపోయినా, నాలుక, కనురెప్పల లోపల తెల్లగా పాలిపోయినట్టు కనిపించినా పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. నులిపురుగుల మాత్ర వేయించావా? ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల దినం పెట్టి బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ ఇస్తారు. మీ స్కూల్లో ఇచ్చారో లేదో కనుక్కో.

పాపకి కూరగాయ ఇష్టం లేదని కాదు, మెత్తటి ముక్క ఇష్టం లేదేమో. బెండకాయ పల్లీలు వేసి కరకరలాడేలా వేయించు. సొరకాయ తురిమి సర్వపిండిలో (గిన్నెకి అద్ది కాల్చే బియ్యప్పిండి రొట్టె) కలుపు. పాపతోనే అద్దించు, వేలితో చిల్లులు పెట్టించు. తను చేసింది తను తింటుంది.

నీకు ఇంకొక్క మాట. భోజనం అవగానే టీ తాగే అలవాటుంటే మానెయ్యి, కనీసం గంట ఆగు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుమును టీ ఒంటికి పట్టనివ్వదు. పాలకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

నిజాంపేట అమ్మ

సిస్టర్, నా కంచం గురించి రాసింది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇన్నాళ్లలో ఎవరూ అడగలేదు. గాజువాక నాన్నగారు రాసింది మావారికి చూపించాను. సోమవారం నుంచి కూర ఆయనదే అన్నారు.

అత్తయ్యగారికి పాల సంగతి ఎలా చెప్పాలి? తను పెట్టింది వద్దన్నానని బాధపడతారేమో. ఇంకోటి, అత్తయ్యగారిని రాత్రి అన్నం తగ్గించి జొన్న రొట్టె తినమన్నారు డాక్టర్. నాకు రొట్టె చెయ్యడం రాదు, విరిగిపోతోంది.

హనుమకొండ సిస్టర్

పాలు వద్దని చెప్పకు, పాలు మూడున్నరకి ఇవ్వండి అత్తయ్యా అని చెప్పు. ఇచ్చేది ఆవిడే, టైం ఒక్కటే మారుతుంది. ఏడున్నరకి బాబుని ఆవిడ పక్కనే కూర్చోబెట్టు. ఫోన్ బీరువాలో పెట్టేసి, వాడికి వాళ్ల నాన్న చిన్నప్పటి సంగతులు చెప్పమను. పిల్లలకు అంతకన్నా ఇష్టమైన కథ ఉండదు, ఆవిడకీ మాట్లాడే మనుషులు దొరుకుతారు.

జొన్న రొట్టె విరిగేది చల్లనీళ్లతో కలిపితే. నీళ్లు బాగా మరిగించి, కొంచెం ఉప్పేసి, పిండిలో పోసి గరిటెతో తిప్పు. చెయ్యి పట్టే వేడికి వచ్చాక అరచేతి మడమతో గట్టిగా పిసుకు. ఎంత పిసికితే అంత సాగుతుంది. ఒక్కో రొట్టెకి అప్పటికప్పుడే పిసకాలి, ఉండలు ముందే చేసి పెట్టుకోకూడదు. పొడిపిండి చల్లి అరచేత్తో తడుతూ తిప్పు. పెనం మీద వేశాక పైన తడిచేత్తో నీళ్లు రాయి, ఆరాక తిప్పెయ్యి. పాత జొన్నపిండి ఎంత చేసినా విరుగుతుంది, ఈ మధ్య మర పట్టించినదే కొను. అప్పటికీ రాకపోతే జొన్న రవ్వ తెచ్చి కూరగాయలు వేసి ఉప్మా చెయ్యి.

ఒకటి గుర్తుపెట్టుకో. అత్తయ్యగారు అన్నం తగ్గించి రొట్టెకి మారినప్పుడు, అదే మాత్ర మీద షుగర్ పడిపోయే అవకాశం ఉంటుంది. చెమటలు, వణుకు, కంగారు కనిపిస్తే షుగర్ చూడు. పడిపోయి ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటాగి మళ్లీ చూడు. ఎన్ని రొట్టెలు, మాత్ర ఎంత అన్నది మాత్రం రొట్టె తినమన్న ఆ డాక్టర్నే అడుగు.