‘ట్రిమ్’ అంటే కత్తిరించడమేనా?

వీడియో ఎడిటింగ్ నేర్చుకునేవారి కోసం తెలుగులో పాఠాలు రాస్తున్నాను. క్లిప్ (వీడియో ముక్క), ఫ్రేము (వీడియోలోని ఒక్కో బొమ్మ), టైమ్‌లైన్ (క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీ) వంటివి అందరికీ అలవాటైన మాటలు కనుక అలాగే ఉంచాను. క్లిప్పు మొదలునో చివరనో జరిపి నిడివి సరిచేసే ‘ట్రిమ్’ దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాను. మొదట ‘కత్తిరించు’ అని రాశాను. ఎవరిని అడిగినా ముందు నోటికి వచ్చే మాట అదే. ఆ పాఠం చదివిన ఒక అమ్మాయి ప్రతి క్లిప్పును ముట్టుకునే ముందు అసలు ఫైలుకు నకలు తీసి పెట్టుకునేది. కొద్ది రోజులకే డిస్కు నిండిపోయింది. ఎందుకమ్మా ఇన్ని నకళ్లు అని అడిగితే, “కత్తిరించాక మళ్లీ రాదు కదండీ” అంది. ఆమె నా మాటను సరిగ్గానే అర్థం చేసుకుంది. మాటే తప్పు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రిమ్ చేసినప్పుడు ఏదీ తెగదు. ప్రీమియర్ ప్రో, ఫైనల్ కట్ ప్రో, డావిన్చీ రిజాల్వ్, ఏది తీసుకున్నా టైమ్‌లైన్ మీద కనిపించే క్లిప్పు అసలు ఫైలును చూపించే గుర్తు మాత్రమే. ఇక్కడ మొదలుపెట్టు, అక్కడ ఆపు అనే రెండు సూచనలు అందులో ఉంటాయి. పది నిమిషాల ఫుటేజ్‌ను రెండు వైపులా లోపలికి జరిపి నాలుగు సెకన్లకు తెచ్చినా డిస్కులోని ఫైలు పది నిమిషాలూ అలాగే ఉంటుంది, ఒక్క బైటు తగ్గదు. అంచు పట్టుకుని బయటికి లాగితే కనపడకుండా పోయిన దృశ్యం తిరిగి వస్తుంది. దర్జీ పొడవైన గుడ్డను లోపలికి మడిచి కుట్టినట్టు ఉంటుంది ఈ పని. కుట్టు విప్పి చూస్తే గుడ్డ అక్కడే ఉంటుంది.

తెంచే పనులకు తెలుగులో మాటల కరవు లేదు. పంట కోస్తాం, కూరగాయలు తరుగుతాం, కొమ్మ నరుకుతాం, చిగురు తుంచుతాం, కాగితం కత్తిరిస్తాం. చేతిలో ఉన్నది కొడవలో, గొడ్డలో, ఉత్త వేళ్లో క్రియ వినగానే తెలిసిపోతుంది. ఇంత సంపద ఉన్న భాషలో వీటిలో ఒక్కటీ ఇక్కడ నప్పకపోవడం నన్ను చాలా బాధపెట్టింది. తెగింది అతకదన్న భావం అన్నిటిలోనూ ఉంది.

తర్వాత ఇంగ్లీషు మాట పుట్టుక వైపు చూశాను. ప్రాచీన ఆంగ్లంలో ‘ట్రుమ్మన్’ అంటే గట్టిపరచడం, ఒక తీరులో పెట్టడం. కోత అనే అర్థం తర్వాత చేరింది. ఆ తొలి అర్థానికి మన దగ్గర చక్కని జోడు ఉంది: సవరించు. మీసం సవరించుకుంటాం, పైట సవరించుకుంటాం, గొంతు సవరించుకుంటాం, వీణ తీగలు సవరిస్తాం. కొంచెం ఇటు, కొంచెం అటు జరిపి కుదురుగా నిలపడమే వీటన్నిటిలో ఉన్నది. ఎడిటర్ అంచు పట్టుకుని రెండు ఫ్రేములు వెనక్కి, ఒక ఫ్రేము ముందుకు జరుపుతూ చూసుకునే పని సరిగ్గా ఇదే.

ఒక చిక్కు ఉంది. రాజ్యాంగ సవరణ నుంచి తెలుగు వికీపీడియాలో వ్యాసం పైన కనిపించే ‘సవరించు’ దాకా ఈ మాట ఇప్పటికే మార్పులన్నిటికీ వాడుకలో ఉంది. ఒంటరిగా వాడితే ఎడిటింగ్ మొత్తం అనుకుంటారు. అందుకే ‘అంచు సవరించు’ అని రాయాలనుకుంటున్నాను. మీ అభిప్రాయం చెప్పండి.

స్పందన: ఫిలిం రోజుల్లో నిజంగానే కత్తిరించేవారు కదండీ? ఆ మాట అప్పటి నుంచి వచ్చిందే అయితే మార్చడం ఎందుకు?

జవాబు: అవునండీ, అప్పుడు అది అక్షరాలా కోతే. 35 ఎంఎం ఫిలింలో అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24 ఫ్రేములు. అంటే ఒక సెకను తగ్గించాలంటే అడుగున్నర ఫిలిం తెగాలి. తెగిన ముక్కలను పారేయకుండా లోపల గుడ్డ పరిచిన తొట్టి మీది మేకులకు వేలాడదీసేవారు. ఇంగ్లీషులో ఆ ముక్కలనే ‘ట్రిమ్స్’ అన్నారు. అయినా, చేతిలో కత్తెర ఉన్న ఆ కాలంలో కూడా మన సినిమా పేర్లలో ఎడిటింగ్‌ను ‘కూర్పు’ అనే వేశారు. తీసేసినదాన్ని పక్కన పెట్టి, నిలిచినదాన్ని చూసిన మాట అది. నాకు దానిమీద ఎంతో గౌరవం.

స్పందన: ఫోనులో ట్రిమ్ చేసి భద్రపరిస్తే ఫైలు నిజంగా చిన్నదవుతోంది. దాన్నీ ‘అంచు సవరించు’ అంటారా?

జవాబు: అననండీ. అసలు ఫైలు మీదే తిరగరాసే యాప్‌లో అది కత్తిరించడమే, చదివేవారు జాగ్రత్తపడాలి కనుక అక్కడ ఆ మాటే ఉండాలి. అక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. హెచ్.264 వంటి వీడియో కుదింపు పద్ధతుల్లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. కొన్ని మాత్రమే పూర్తి బొమ్మలు, వాటిని కీఫ్రేములు అంటారు. మధ్యలోవి పక్క ఫ్రేములతో పోల్చి వచ్చిన తేడాలను మాత్రమే దాచుకుంటాయి. వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా, అంటే కొత్తగా కుదించి రాయకుండా, తెంచాలంటే మొదలు కీఫ్రేము దగ్గరే పడాలి. మీరు గుర్తు పెట్టిన చోటుకన్నా కాస్త ముందు నుంచి వీడియో మొదలైతే కారణం చాలాసార్లు ఇదే.

స్పందన: మరి ట్రిమ్‌లోనే రకాలైన రిపుల్, రోల్, స్లిప్‌లను ఏమంటారు?

జవాబు: రోల్‌కు మాట దానంతట అదే దొరికింది: గట్టు జరపడం. పక్కపక్క రెండు చేలకు మధ్య ఒకే గట్టు. దాన్ని జరిపితే ఒక చేను ఎంత పెరుగుతుందో రెండోది అంతే తగ్గుతుంది, మొత్తం విస్తీర్ణం మారదు. రోల్‌లో జరిగేది కచ్చితంగా అదే. ఒక క్లిప్పు పెరిగినంత పక్కది తగ్గుతుంది, మొత్తం నిడివి అలాగే ఉంటుంది. రిపుల్‌లో ఒక క్లిప్పు తగ్గితే వెనకవన్నీ ముందుకు జరిగి ఖాళీని పూడుస్తాయి కనుక ‘వరుస జరపడం’ అనుకున్నాను. స్లిప్‌లో క్లిప్పు చోటూ నిడివీ కదలవు, లోపలి దృశ్యం మాత్రమే మారుతుంది. దానికి నాకు నచ్చిన మాట ఇంకా తట్టలేదు. అప్పటిదాకా స్లిప్ అనే రాస్తాను.

స్పందన: అంచుల అవతల దాగి ఉండే ఫ్రేములను ‘హ్యాండిల్స్’ అంటారు. పిడి అనలేం కదా?

జవాబు: పిడి వద్దండీ, ‘వదులు’ అందాం. ఒక దృశ్యం మరో దృశ్యంలోకి కరిగే డిజాల్వ్‌ను రెండు క్లిప్పులు కలిసే చోట సరిగ్గా మధ్యలో ఒక సెకను పెడితే, మొదటి క్లిప్పు చివర అర సెకను, రెండో క్లిప్పు మొదట్లో అర సెకను దాగిన దృశ్యం కావాలి. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ హెచ్చరిక చూపుతుంది, లేదా చివరి ఫ్రేమునే కదలకుండా నిలిపి సర్దుతుంది. ‘రెండు వైపులా కాస్త వదులు ఉంచండి’ అని పాఠంలో రాశాను. ఆ అమ్మాయికే చూపించాను. ఈసారి నకళ్లు తీయలేదు.