రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఇంటి నుంచి సంపాదన: మెల్‌బోర్న్‌కు కొత్తగా వచ్చిన ఒంటరి తల్లికి సలహాలు

టార్నీట్ నుంచి, కొత్త సభ్యురాలు:

పెద్దలకు నమస్కారం. నేను ఆరేళ్ల మా పాపతో నాలుగు నెలల క్రితం విజయవాడ నుంచి శాశ్వత నివాస వీసా మీద మెల్‌బోర్న్ వచ్చాను. పాప బాధ్యత పూర్తిగా నాదే. అక్కడ డిగ్రీ కాలేజీలో ఎనిమిదేళ్లు కామర్స్ చెప్పాను. ఇక్కడ ప్రస్తుతం ఒక ఆఫీసులో ఏడాదికి 58,000 డాలర్ల జీతానికి పనిచేస్తున్నాను. అద్దె, స్కూలు అయిపోయాక పాపను ఉంచే కేర్ ఫీజు, కారు వాయిదా పోగా నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు. పాప పడుకున్నాక, రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర వరకు, ఇల్లు కదలకుండా నెలకు మూడు నాలుగు వందల డాలర్లు సంపాదించే మార్గం ఏదైనా ఉందా? పచ్చళ్లు, పిండివంటలు చేసి అమ్మమని తెలిసినవారందరూ అంటున్నారు. ఆవకాయ నాకు బాగానే వచ్చు.

పాయింట్ కుక్ నుంచి, పదకొండేళ్లుగా ఇక్కడ ఉంటున్న ఒక తల్లి:

అమ్మా, పచ్చళ్లు అమ్మమని అందరూ ఎందుకు చెబుతారంటే, చెప్పేవారు తినేవారు కనుక. నేనూ ఆ మాట విని మొదలుపెట్టినదాన్నే. మా బాబుకు ఐదేళ్లప్పుడు దసరాకు పన్నెండు కిలోల జంతికల ఆర్డరు ఒప్పుకున్నాను. అద్దె యూనిట్‌లో వంటగదికీ పడక గదికీ మధ్య నాలుగడుగుల దూరం. రాత్రి పదింటికి రెండో వాయ నూనెలో ఉండగా పొగ అలారం మోగింది, బాబు ఏడుస్తూ లేచాడు, నేను ఒక చేత్తో వాడిని ఎత్తుకుని మరో చేత్తో తువ్వాలు విసురుతూ నిలబడ్డాను. అలా మూడు రాత్రులు గడిచాయి. పూర్తిగా చల్లారకముందే సంచుల్లో కట్టినందువల్ల రెండు కిలోలు మెత్తబడి వెనక్కు వచ్చాయి. బియ్యప్పిండి, వెన్న, నూనె, సంచుల ఖర్చు తీసేస్తే నాకు మిగిలింది 64 డాలర్లు. అంతకన్నా పెద్ద తప్పు ఏమిటంటే, మన మునిసిపాలిటీ లాంటి స్థానిక కౌన్సిల్‌కు చెప్పకుండా ఇలా అమ్మకూడదన్న సంగతే అప్పటికి నాకు తెలియదు.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఆహారం అమ్మేవారు, ఇంటి వంటగదిలో చేసినా సరే, 1984 నాటి ఫుడ్ యాక్ట్ కింద తమ కౌన్సిల్‌కు తెలియజేయడమో, రిజిస్టర్ చేయించుకోవడమో చేయాలి. ఏది చేయాలన్నది వండే పదార్థం ఎంత త్వరగా పాడవుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఇల్లు అద్దెదైతే యజమానినీ అడగాలి. పొట్లం మీద నువ్వులు, వేరుశనగ, జీడిపప్పు, గోధుమ, పాలు వంటివి పడనివారి కోసం ఆ పేర్లు స్పష్టంగా రాయాలి. నువ్వుల నూనెతో పెట్టిన ఆవకాయకూ ఇది వర్తిస్తుంది. ఇవన్నీ చేసి నిలదొక్కుకున్నవారు ఉన్నారు, వారిని నేను తక్కువ చేయడం లేదు. అయితే రోజుకు రెండే గంటలు, అదీ నిద్రపోతున్న పిల్ల పక్కన ఉండే మీకు, నూనె మూకుడుతో మొదలుపెట్టమని నేను చెప్పలేను.

మీ ఉత్తరంలో నాకు కనిపించిన పెట్టుబడి వేరు. మీరు ఎనిమిదేళ్లు పాఠం చెప్పారు, తప్పుల్లేని తెలుగు రాస్తున్నారు. శాశ్వత నివాస వీసాకు అర్హత పాయింట్లు కావలసినవారు, దుబాసీలకూ అనువాదకులకూ అర్హత ఇచ్చే నాటీ సంస్థ నిర్వహించే సీసీఎల్ అనే భాషా పరీక్ష రాస్తారు. అందులో నెగ్గితే 5 పాయింట్లు వస్తాయి, పరీక్ష పెట్టే భాషల్లో తెలుగు ఒకటి. ఇంగ్లీషు మాట్లాడే వ్యక్తికీ తెలుగు మాట్లాడే వ్యక్తికీ మధ్య జరిగే రెండు సంభాషణలను ముక్క ముక్కగా విని అటువి ఇటు, ఇటువి అటు చెప్పాలి. ఒక్కొక్క ముక్క ముప్పై అయిదు మాటలకు మించదు. మొత్తం 90 మార్కుల్లో 63, ఒక్కొక్క సంభాషణలో 45కు కనీసం 29 రావాలి. ఆసుపత్రి, కోర్టు, బ్యాంకు, అద్దె ఇల్లు, బడి, ఇలా సామాన్య జీవితంలోని విషయాలే ఉంటాయి.

మన పిల్లలు ఎక్కడ తడబడతారో చెబుతాను. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే కుర్రవాడు ‘బెయిల్’ అన్న చోట పూచీకత్తు అనలేక, ‘మార్ట్‌గేజ్’ అన్న చోట తాకట్టు అన్న మాట నోటికి రాక ఆగిపోతాడు. ఆ మూడు సెకన్ల మౌనంలో మిగిలిన వాక్యం కూడా మరిచిపోతాడు. గుర్తులు రాసుకోవడం, అంకెలు వదలకపోవడం, ఆగినా మళ్లీ అందుకోవడం నేర్పేవారు కావాలి. కామర్స్ చెప్పిన మీకు బ్యాంకు మాటలు వెతుక్కోవలసిన పని కూడా ఉండదు. అభ్యర్థులు పగలు ఉద్యోగాల్లోనో చదువుల్లోనో ఉంటారు కనుక వారికి ఖాళీ దొరికేదీ మీకు ఖాళీ దొరికేదీ ఒకటే సమయం. కావలసినవి ఒక ల్యాప్‌టాప్, మైకు ఉన్న ఇయర్‌ఫోన్లు, మీరు సొంతంగా రాసుకున్న ముప్పై సంభాషణలు. సొంతంగా అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, పరీక్షలో వచ్చిన అసలు సంభాషణలు బయట పంచుకోవడం నిషిద్ధం. ‘అసలు ప్రశ్నలు మా దగ్గర ఉన్నాయి’ అని ప్రచారం చేసేవారి దారిలో మీరు వెళ్లవద్దు.

ఇద్దరేసి విద్యార్థులతో వారానికి రెండు రాత్రులు, రాత్రికి ఒక గంట చెప్పి, గంటకు ఒక్కొక్కరి దగ్గర 25 డాలర్ల చొప్పున తీసుకుంటే నెలకు 400 అవుతుంది. నేను ఆరేళ్ల క్రితం ఇంతకన్నా తక్కువకే మొదలుపెట్టాను.

వెరిబీ నుంచి, పన్ను లెక్కలు చూసే ఒక సభ్యుడు:

అక్కగారు చెప్పిన 400 డాలర్లలో మీ చేతికి ఎంత వస్తుందో కూడా ముందే తెలుసుకోండి. మీ జీతం ఇప్పటికే 45,000 దాటింది కనుక ఆపైన వచ్చే ప్రతి డాలరు మీదా, 1,35,000 వరకు, 30 సెంట్లు ఆదాయపు పన్ను, సాధారణంగా 2 సెంట్లు మెడికేర్ లెవీ, అంటే ప్రభుత్వ ఆరోగ్య పథకానికి కట్టే సుంకం, పోతాయి. ఈ లెక్కన 400కు మిగిలేది సుమారు 272. నెలకు 300 చేతిలో ఉండాలంటే సుమారు 440 సంపాదించాలి. 18,200 వరకు పన్ను లేదు కదా అని కొందరు పొరపడతారు; ఆ మినహాయింపును మీ జీతం ఎప్పుడో వాడేసుకుంది.

సొంతంగా వ్యాపారం చేసేవారికి ఇచ్చే ఏబీఎన్ నంబరు తీసుకోండి. ప్రభుత్వ రిజిస్టర్‌లో అది ఉచితం. డబ్బు తీసుకుని దరఖాస్తు చేసిపెట్టే ప్రైవేటు సైట్లు వెతుకులాటలో పైన కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు. ఏడాదికి 75,000 లోపు అమ్మకాలకు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. విద్యార్థులు ఇచ్చే ఫీజులోంచి పన్ను ఎవరూ ముందుగా కోయరు కనుక, డబ్బు వచ్చిన రోజే మూడో వంతు వేరే ఖాతాలో వేయండి. జూన్ 30తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. రిటర్ను మీరే వేసుకుంటే అక్టోబరు 31 గడువు. ఇంటి నుంచి చేసిన ప్రతి గంటకూ కరెంటు, ఇంటర్నెట్ కింద 70 సెంట్లు ఖర్చుగా చూపించవచ్చు, కానీ చేసిన గంటలు తేదీలతో రాసి ఉండాలి. నెలకు ఎనిమిది గంటలకు అది 5 డాలర్ల 60 సెంట్లే అయినా, రాసుకునే అలవాటు మీకు మిగతా లెక్కల్లో పనికొస్తుంది. కాగితాలు 5 ఏళ్లు దాచండి.

మీరు కేర్‌కు చైల్డ్ కేర్ సబ్సిడీ తీసుకుంటున్నట్లయితే, ఇలాంటి సాయాలు చూసే ప్రభుత్వ కార్యాలయమైన సెంటర్‌లింక్‌కు ఇచ్చిన ఆదాయపు అంచనాలో ఈ సంపాదన కూడా కలపండి. సాధారణంగా సబ్సిడీలో 5 శాతం ఆపి ఉంచి, ఏడాది చివర అసలు ఆదాయంతో సరిచూస్తారు. అంచనా బాగా తగ్గించి ఇచ్చినవారికి అప్పుడు బాకీ తేలుతుంది.

క్రేగీబర్న్ నుంచి మరొకరు:

ఒక చిన్న చేర్పు. పెద్దవారికి సీసీఎల్ నేర్పడానికి ఎలాగూ అక్కర్లేదు గానీ, పిల్లలకు తెలుగో లెక్కలో డబ్బు తీసుకుని చెప్పాలనుకుంటే, పిల్లలతో పనిచేసేవారి నేపథ్యం పరిశీలించి ఇచ్చే వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ ఉండాలి. అందులో వలంటీరు కార్డు ఉచితంగా వస్తుంది, కాని అది జీతం తీసుకునే పనికి చెల్లదు. కొంతకాలం గడిచాక ఫోనులో దుబాసీ పని కూడా ఆలోచించండి; ప్రభుత్వ దుబాసీ సేవ అయిన టిస్ నేషనల్ రాత్రింబవళ్లు నడుస్తుంది, అక్కడ పనిచేసేవారు ఏబీఎన్ మీద కాంట్రాక్టర్లు. దానికి సీసీఎల్ ఫలితం చాలదు, దుబాసీగా విడిగా అర్హత సంపాదించాలి. డాక్టరు గదిలోని మాటలు మన ఇంట్లో మరొకరు వినకూడదు కనుక తలుపు వేసుకునే గది కూడా కావాలి.

టార్నీట్ నుంచి, కొత్త సభ్యురాలు:

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. మొన్న ఇండియన్ కిరాణా కొట్టులో ఒక జంట ‘మీరు తెలుగువారేనా’ అని పలకరించి, పాపను ముద్దు చేసి, ఇంటి నుంచే చేసుకునే వ్యాపారం ఉందని, వివరాలు టీకి వస్తే చెబుతామని ఫోను నంబరు తీసుకున్నారు. వెళ్లవచ్చా?

పాయింట్ కుక్ నుంచి:

టీ ఎంత రుచిగా ఉన్నా వెళ్లవద్దు. వ్యాపారం పేరేమిటో, సరుకేమిటో ఫోనులో చెప్పమనండి, చెప్పరు. ఇలాంటి గొలుసుకట్టు వ్యాపారాల్లో చేరడానికి మొదట సరుకు కొనాలి, ఆపైన మీరు మరో నలుగురిని చేర్చాలి. ఆ నలుగురూ మీరు ఇప్పుడిప్పుడే పరిచయం చేసుకుంటున్న మనవాళ్లే అవుతారు, ఆ తర్వాత వారు మిమ్మల్ని చూసి పక్కకు తప్పుకుంటారు. అలాగే ఎవరైనా మీ బ్యాంకు ఖాతాలోకి డబ్బు వేసి, కమిషన్ ఉంచుకుని మిగతాది పంపమంటే అస్సలు ఒప్పుకోవద్దు. అది దొంగ సొమ్ము కావచ్చు, పోలీసులు వచ్చేది మీ పేరు మీదకే.

ఈ శనివారం పాప ఈత క్లాసులో ఉన్న ముప్పావు గంటలో ఒక సంభాషణ రాయండి: అద్దె ఇంట్లో గీజరు పనిచేయడం లేదని ఒక తెలుగు పెద్దావిడ ఏజెంటుకు ఫిర్యాదు చేస్తోంది. ఫోనులో రికార్డు చేసి నాకు పంపండి, విని చెబుతాను. నా దగ్గర నేర్చుకుంటామని ఇద్దరు అడుగుతున్నారు, నాకు ఈ రెండు నెలలు ఖాళీ లేదు. మొదటి క్లాసు ఉచితంగా చెప్పి, నచ్చితే నాలుగు క్లాసుల ఫీజు ముందే బ్యాంకులో వేయమనండి. మొహమాటపడితే మాత్రం నాలుగో వారానికి ఒకరు రారు.