గోదావరి మోసిన మట్టి పెరిగింది వానలు తగ్గా, సేద్యం పెరిగా?

మట్టిపొర:
2006లో గ్యాస్ హైడ్రేట్ల (సముద్రపు అడుగున మంచులా గడ్డకట్టిన గ్యాస్) కోసం వెతికిన నౌక ఒకటి, గోదావరి కలిసేచోటికి ఎదురుగా, వెయ్యి మీటర్లకు పైగా లోతున సముద్రపు అడుగులోంచి మట్టి కోర్ (గొట్టం దించి తీసిన నిలువు మట్టి కడ్డీ) తీసింది. మంచుయుగం ముగిసినప్పటి నుంచి గోదావరి మోసుకొచ్చిన బురద అందులో పొరలు పొరలుగా ఉంది. ఆ పొరల్లో మిగిలిన ఆకుల పైపూత మైనాన్ని పరీక్షించి, మధ్య భారతం 4000 ఏళ్ల కిందటి నుంచి 1700 ఏళ్ల కిందటి దాకా మెల్లగా ఎండుతూ వచ్చిందనీ, ఆ తర్వాత కూడా ఎండుగానే ఉండిపోయిందనీ 2012లో ఒక పరిశోధన తేల్చింది. అదే కోర్ మీద 2017లో వచ్చిన పత్రం ఇంకో మాట చెప్పింది. వానలు తగ్గాక నది మోసే మట్టి తగ్గలేదట, పెరిగిందట. ఆ తర్వాత దక్కను పీఠభూమిలో సేద్యం విస్తరించి దాన్ని మరింత పెంచిందట. నాకిది సబబుగానే ఉంది. మీరేమంటారు?

నల్లరేగడి:
మాది నిర్మల్ దిక్కు సార్. వానలు తక్కువైతే నది ఎండుతది గని మట్టి ఎక్కువ ఎట్ల కొట్టుకపోతది? వాగు ఒడ్డున పుట్టినోడెవడూ ఈ మాట ఒప్పుకోడు. నాలుగు వేల ఏండ్ల కింద మా దక్కన్‌ల ఎంతమంది ఉండిరి, ఎన్ని నాగండ్లు ఉండె? తిప్పితిప్పి తప్పు రైతు మీదకే తెస్తున్నరు.

సుబ్బు_కాకినాడ:
సేద్యం సంగతి తర్వాత. ముందు వానల దగ్గర తేల్చండి.

మట్టిపొర:
నల్లరేగడి గారూ, వాన తగ్గడమంటే ఆగిపోవడం కాదు. రుతుపవనం బలహీనపడితే ముందు అడవి పలచబడి, ఆ చోట తుప్పలూ గడ్డీ మిగులుతాయి. వాన మాత్రం అదే మూడు నాలుగు నెలల్లో, ఉంటే కుండపోత లేకపోతే ఎండగా కురుస్తుంది. వేళ్ల పట్టు లేని నేల మీద అలాంటి వాన ఒక్కటి పడినా చాలు. పైగా పడమటి కనుమలు మబ్బుల్ని అడ్డుకోవడం వల్ల ఎగువ గోదావరి ప్రాంతానికి మొదటినుంచీ వాన తక్కువ. పచ్చదనం ముందుగా పోయేది అక్కడే.

మట్టి ఎక్కడిదో ఎలా తెలిసిందంటారా? రంగు చూసి చెప్పలేదు. ఎగువన ఉన్నది దక్కను నల్లరాయి, వయసు 6.6 కోట్ల ఏళ్లు. దిగువన తూర్పు కనుమల రాళ్లు వందల కోట్ల ఏళ్లవి. రెండింటిలో నియోడిమియం అనే మూలకం ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) పాళ్లు వేరు. పై పొరల్లోకి వచ్చేకొద్దీ నల్లరాయి వాటా పెరిగింది. అంటే కోత ఎక్కువైంది ఎగువనే. ఇక రైతు విషయం. మొదటి పెరుగుదల వానల వల్లేనని పత్రమే చెబుతోంది. సేద్యం పాత్ర ఆ తర్వాతది. గోదావరి ఉపనది ప్రవర ఒడ్డున దైమాబాద్ లాంటి పాతకాలపు సేద్యపు ఊళ్లు అప్పటికే వెలిశాయి, ఇనుప యుగంలో సేద్యం ఇంకా పాకింది.

నల్లరేగడి:
దైమాబాద్ మహారాష్ట్రల ఉన్నది. అదీ మూడు వేల ఏండ్ల కింద ఖాళీ అయింది. ఖాళీ అయిన ఊరు మట్టిని ఎట్ల కోసింది? దీనికి జవాబు చెప్పుండ్రి.

మట్టిపొర:
ఆ ఒక్క ఊరే కోసిందని నేననలేదండీ. ఉదాహరణగా చెప్పాను.

నల్లరేగడి:
ఉదాహరణే నిలువకపోతే వాదన ఎట్ల నిలుస్తది?

లంకవాసి:
మీరిద్దరూ దైమాబాద్ పట్టుకు వేళ్లాడుతున్నారు గానీ, మా ఊరి ముందు సముద్రం తినేస్తున్న నేల గురించి ఒక్కరూ మాట్లాడరేంటండీ? కోనసీమలో బావి తవ్వితే పైన ఇసుక, దాని కింద నల్లటి జిగట బంక, ఆ బంకలో గుల్లలూ ఆల్చిప్పలూ, కుళ్లిన మడ వేళ్ల వాసన. అంటే ఒకప్పుడక్కడ ఉప్పుటేరు. పాత తీరపు ఇసుక మెరకలు ఇప్పటి సముద్రానికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు లోపల ఉన్నాయి. ఆరేడు వేల ఏళ్లలో ఇంత నేలా పోసింది గోదారే. ఇప్పుడదే నేల వెనక్కి పోతోంది. మా నాన్నగారి కొబ్బరితోటలో సముద్రం వైపు వరసలన్నీ పోయాయి. పరిహారం అడగడానికెళితే ఒక ఆఫీసరు "తీరం ముందుకూ వెనక్కూ పోవడం ప్రకృతి సహజం, వేల ఏళ్లుగా ఉన్నదే" అని కాగితం చేతిలో పెట్టి పంపేశాడు. మీ కోర్ కబుర్లు చివరికి పనికొచ్చేది అలాంటివాళ్లకే.

మట్టిపొర:
ఆయన చెప్పింది తప్పండీ. పాత పొరలు చెప్పేదానికి అది పూర్తిగా వ్యతిరేకం. వేల ఏళ్లపాటు ఒండ్రు పెరిగింది కాబట్టే డెల్టా ముందుకు జరిగింది. తగ్గింది ఈ యాభై ఏళ్లలోనే. 1970లతో పోలిస్తే 1990లకల్లా గోదావరి ఒండ్రు సగానికి పైగా పడిపోయిందనీ, తీరం కోతకు అదే ముఖ్య కారణమనీ ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు లెక్కలతో చూపించారు. కాకపోతే ఒకటి. అంత లోతున దొరికేది సన్నటి బురదే, తీరానికి కావలసిన ఇసుక అంతదూరం పోదు. మీ తోట లెక్క ఆ కోర్‌లో దొరకదు.

లంకవాసి:
మరి ఆ ఒండ్రు ఎక్కడికి పోయిందో కూడా అనండి. జాయక్‌వాడీలో, శ్రీరామ్‌సాగర్‌లో కూచుంది. ఎగువవాళ్లు డ్యాములు కట్టుకున్నారు, మాకు సముద్రం మిగిలింది.

నల్లరేగడి:
ఇగ ఇదీ అసలు సంగతి! నాలుగు వేల ఏండ్ల కింద మట్టి పంపితే తప్పు, ఇప్పుడు పంపకపోతే తప్పు. మీ కొబ్బరి చెట్టు నిలబడ్డది మా నల్లమట్టి మీదనే అన్నా. మా తాత పొలం ప్రాజెక్టుల మునిగింది. చేతికొచ్చిన పైసలతోని మళ్ల ఎకరం కొనలేకపోయిండు. ఆ నీళ్లు ఇయ్యాల జగిత్యాల, కరీంనగర్ దాకా పారుతున్నయి. డ్యాం తప్పంటే ఆ రైతుల మొహం చూసి చెప్పాలె.

లంకవాసి:
డ్యాం తప్పని నేననలేదు. ఇసుక ఆగిందన్నాను.

సుబ్బు_కాకినాడ:
ఎగువ డ్యాములనే ఎందుకంటారు? ధవళేశ్వరం ఆనకట్ట 1852 నుంచీ ఉంది, అది మనదే. ఆపైన నదిలో ఇసుక లారీలకెత్తేదీ మనవాళ్లే.

లంకవాసి:
ఇసుక లారీల మీద మా ఊరంతా సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. అదీ అంటాను, ఇదీ అంటాను.

మట్టిపొర:
శ్రీరామ్‌సాగర్ 112 టీఎంసీలకు కట్టింది. పూడిక చేరి మొదట 90కి, తర్వాత 80 దరికి వచ్చిందని సర్వేలే చెప్పాయి. అంటే పూడికతో నష్టం ఎగువనా ఉంది, దిగువనా ఉంది. మీరిద్దరూ అడగాల్సింది ఒకే పూడిక గురించి.

నల్లరేగడి:
పూడిక తీయుమంటే మొదలు ఒప్పుకునేది నేనే. మిషన్ కాకతీయల చెరువు మట్టి ట్రాక్టర్ల మీద తెచ్చి చేన్ల పోసుకున్నం, పంట తేడా కండ్ల చూసినం. గని మట్టి కోసమని వరదల గేట్లెత్తి నీళ్లు వదులుమంటే మాత్రం ఒప్పుకోను. ఒక్క ఏడు వాన పడకుంటే ఆ నీళ్లు ఎవరు తెచ్చిస్తరు?

లంకవాసి:
నల్లమట్టి మీ చేలో పోసుకోండి, దానికి నాకేం తగువు లేదు. ఇసుక మాత్రం కిందికి రావాలి. వరద నిండుగా వచ్చిన ఏడాది నీళ్లు ఎలాగూ సముద్రంలోకే వదులుతున్నారు కదండీ. అదేదో అడుగు గేట్లలోంచి వదలమంటున్నాను, అంతే.

నల్లరేగడి:
నిండిన ఏడాది అంటే సరే. నిండిందో లేదో చెప్పేది మాత్రం మా దిక్కు ఇంజనీరే.