కర్ణాటక సంగీతం వచ్చు, పిల్లల మానసిక వైద్యంలో పని చేయాలని ఉంది: ఇంగ్లండ్‌లో దారేంటి?

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం వల్ల రెండు నెలల క్రితం లీడ్స్ వచ్చాం. నాది డిపెండెంట్ వీసా. విజయవాడలో గాత్రం డిప్లొమా చేశాను, ఎమ్మే సైకాలజీ కూడా ఉంది. ఆరేళ్ళు ఇంట్లో పిల్లలకు సంగీతం చెప్పాను. ఇక్కడ పిల్లల సైకియాట్రీలో మ్యూజిక్ థెరపిస్టులు ఉంటారని విన్నాను. నేరుగా అప్లై చేయొచ్చా? ఈలోగా ఇంట్లోనే థెరపీ మొదలుపెట్టొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

*

చెల్లీ, నేను ఈ పనిలోకి వచ్చి పదకొండేళ్ళయింది. కష్టమైన మాట ముందే చెప్పేస్తాను. ఈ దేశంలో ‘మ్యూజిక్ థెరపిస్ట్’ అన్న పేరుకు చట్టం కాపలా ఉంది. హెచ్‌సీపీసీ అని ఆరోగ్య వృత్తులను నియంత్రించే సంస్థ ఉంది, దాని రిజిస్టర్‌లో లేనివాళ్ళు ఆ పేరు పెట్టుకుని పని చేయకూడదు. కాబట్టి ఇంట్లో థెరపీ మాట వద్దు. సంగీతం పాఠాలు చెప్తానని రాసుకో, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

రిజిస్టర్‌లోకి రావాలంటే వాళ్ళు ఆమోదించిన మ్యూజిక్ థెరపీ మాస్టర్స్ చేయాలి. ఫుల్‌టైం అయితే 2 ఏళ్ళు. లండన్‌లో గిల్డ్‌హాల్, రోహాంప్టన్, కేంబ్రిడ్జ్‌లో ఆంగ్లియా రస్కిన్ ఉన్నాయి. నార్డాఫ్ రాబిన్స్ సంస్థ కూడా కోర్సు నడుపుతుంది. నీ వీసా మీద ఇంటర్నేషనల్ ఫీజు పడే అవకాశమే ఎక్కువ, అప్లై చేసే ముందే అడుగు. చదువుకునే రోజుల్లో నువ్వు కూడా ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్ళాలి, అది కోర్సులో భాగమే. దాన్ని ఖర్చుల లెక్కలో మర్చిపోకు.

ఆడిషన్‌లో అప్పటికప్పుడు కల్పించి వాయించమంటారు. నువ్వు కల్పనస్వరాలు పాడినదానివి కాబట్టి భయం లేదు. ఇబ్బందల్లా హార్మనీతో. మన సంగీతంలో అది లేదు, పిల్లాడు పాడుతుంటే కింద కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, పట్టుకోవడం ఇక్కడ రోజూ ఉండే పని. ఈ రోజు నుంచే కీబోర్డు మీద కూర్చో.

ఇక అసలు సంగతి. మనకు గురువులు శ్రుతి తప్పితే ఆపి సరిచేయడం నేర్పారు. ఈ గదిలో అది పనికిరాదు. నాకు అది తెలిసొచ్చిన తీరు చెప్తాను, వివరాలు మార్చాను. పద్నాలుగేళ్ళ అబ్బాయి. హుడ్ ముఖం మీదికి లాక్కుని కూర్చునేవాడు. మూడు వారాలు మాట లేదు. నాలుగో వారం జెంబే అంచు మీద గోటితో టక్ టక్ టక్ అని మూడు దెబ్బలు కొట్టి ఆపాడు. నా చెయ్యి ఊరుకోలేదు. మిగిలిన ఖాళీని ఆదితాళంతో నింపేశాను. వాడు ఆ డ్రమ్మును కాలితో మెల్లగా దూరం జరిపి గోడవైపు తిరిగాడు. ఆ మూడు దెబ్బలూ వాడివి. నేను లాక్కున్నాను.

తర్వాతి వారం నేను మూడు కొట్టి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను. చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత నాలుగోది వాడు కొట్టాడు. ఆ రోజు అంతే జరిగింది. టీమ్ మీటింగ్‌లో ఆ ఒక్క దెబ్బ గురించి పది నిమిషాలు మాట్లాడాం.

ఇన్‌పేషెంట్ వార్డు పద్ధతులు వేరు. గిటారు తీగ కూడా పిల్లలు తమకు హాని చేసుకోవడానికి వాడొచ్చు. అందుకే తీగలు, డ్రమ్ము పుల్లలు లోపలికి వెళ్ళేటప్పుడు ఎన్నో, బయటికి వచ్చేటప్పుడు అన్నీ ఉండాలి. నేను రెండుసార్లు లెక్కపెడతాను. వాయిద్యాలు ప్రతి సెషన్ తర్వాత తుడవాలి కాబట్టి వీణ ఇంట్లోనే ఉంచు. పిల్ల ‘ఎవరికీ చెప్పొద్దు’ అని చేతి మీది గాయం చూపిస్తే, చెప్పక తప్పదని తనకే ముందు చెప్పి, అదే రోజు టీమ్‌కు చెప్పాలి. దాచిపెట్టే మాట ఎప్పుడూ ఇవ్వకు.

ఇంటర్వ్యూలో ‘ఇది పని చేస్తుందా?’ అని అడుగుతారు. ఉత్తర ఐర్లండ్‌లో మానసిక వైద్య సేవల్లో ఉన్న 251 మంది పిల్లలతో చేసిన ట్రయల్ 2017లో వచ్చింది, చదువుకో. వారానికొకటి చొప్పున 12 సెషన్లు. అవి అయ్యాక ఆత్మగౌరవం పెరిగింది, డిప్రెషన్ తగ్గింది. కొన్ని నెలల తర్వాత చూస్తే ఆ తేడా నిలబడలేదు. రెండు సగాలూ చెప్పు. సంగీతం అన్నీ నయం చేస్తుందనేవాళ్ళను ఈ రంగంలో ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

పోస్టులు తక్కువ, చాలావరకు పార్ట్‌టైం. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో మామూలుగా బ్యాండ్ 6 అనే జీతం స్థాయితో మొదలవుతుంది.

*

థాంక్స్ అక్కా. ఇంకొక్కటి. మన తెలుగు కుటుంబాల పిల్లలు వస్తారా? నా భాష అక్కడ ఉపయోగపడుతుందా?

*

వస్తారు, ఆలస్యంగా వస్తారు. ‘నలుగురికీ తెలిస్తే’ అన్న భయం. ఒకమ్మ ప్రతివారం నన్ను ‘సంగీతం గ్రేడ్ పరీక్ష ఎప్పుడు కట్టాలి’ అని అడిగేది. ఆమెది అమాయకత్వం కాదు. కూతురికి జబ్బు అన్న మాట నోటితో అనలేక పరీక్ష గురించి అడుగుతోంది. అది తెలుగులో వింటేనే నాకు అర్థమైంది. అలాంటి చోట నీ భాష బంగారం. కానీ గుళ్ళోనో ఉగాది ఫంక్షన్‌లోనో కలిసే కుటుంబమైతే వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పి ఆ కేసు వేరేవాళ్ళకు ఇవ్వాలి.

ప్రస్తుతానికి పిల్లల వార్డులో హెల్త్‌కేర్ అసిస్టెంట్ గానీ, స్పెషల్ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్ గానీ చూడు. డీబీఎస్ చెక్, అంటే నేర చరిత్ర తనిఖీ, ఉంటుంది. ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ కూడా అడగొచ్చు, అది రావడానికి టైం పడుతుంది, ఇప్పుడే పెట్టుకో. కీబోర్డు కొనకు. నా పాతది అటక మీద ఉంది, నేనుండే బ్రాడ్‌ఫర్డ్ ఎంతో దూరం కాదు, ఆదివారం మీవారితో వచ్చి తీసుకెళ్ళు.