భద్రాంబుధి శ్లోకం: పై (π) పదో దశాంశ అంకె చెప్పడానికి ఎంత సమాచారం చాలు?

కేరళలోని కడత్తనాడు రాజవంశీయుడు శంకరవర్మ 19వ శతాబ్ది తొలినాళ్లలో రచించిన సద్రత్నమాల అనే ఖగోళ గణిత గ్రంథంలోని ఈ రెండు పాదాలను, ఐసెట్ వంటి పరీక్షల్లో కనిపించే డేటా సఫిషియెన్సీ లెక్కగా, అంటే ఇచ్చిన సమాచారం జవాబుకు చాలునో చాలదో తేల్చే లెక్కగా మలచవచ్చు.

ఏవం చాత్ర పరార్ధవిస్తృతిమహావృత్తస్య నాహోఽక్షరైః
స్యాద్భద్రాంబుధిసిద్ధజన్మగణితశ్రద్ధాస్మయద్భూపగీః

ప్రశ్న ఇది: ఈ శ్లోకం చెప్పే పై (π, అంటే వృత్తపరిధిని వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య) విలువలో దశాంశ బిందువు తరువాత పదో అంకె ఏది? (పై స్థిరసంఖ్యే కనుక ఏ సమాచారమూ అక్కరలేదని వాదించేవారు ఉంటారు, అడుగుతున్నది శ్లోకం ఏం చెబుతుందనే.) ఒక్కో హల్లుకు ఒక్కో అంకె విలువనిచ్చే కటపయాది పద్ధతి, సంయుక్తాక్షరంలో చివరి హల్లుకే విలువ అన్న నియమం తెలిసినవే అనుకుందాం.

మొదటి సమాచారం వృత్తపరిధిని చెప్పే, "భద్రాంబుధి" మొదలు "భూపగీః" వరకు ఉన్న అక్షరాలు. వాటి నుంచి 423979853562951413 అనే 18 అంకెల వరుస వస్తుంది కాని, బిందువు ఎక్కడ పడాలో తెలియదు. రెండో సమాచారం వృత్తవ్యాసం పరార్ధమని, అంటే ఒకటి పక్కన 17 సున్నాలని చెబుతుంది. అది బిందువు చోటును చూపిస్తుందే తప్ప ఒక్క అంకెనూ ఇవ్వదు.

రెండూ కలిపినా, ఎడమనుంచి చదివితే 4.2397..., కుడినుంచి చదివితే 3.1415... వస్తాయి. అందుకే "అంకానాం వామతో గతిః" (అంకెలు కుడినుంచి ఎడమకు నడుస్తాయి) అన్న సూత్రాన్ని మూడో సమాచారంగా చేర్చాలని చాలామంది అంటారు. ఈ లెక్క వరకు అది అనవసరమని నా అభిప్రాయం. వృత్తాన్ని బయటినుంచి తాకుతూ గీసిన చతురస్రపు చుట్టుకొలత వ్యాసానికి సరిగ్గా నాలుగు రెట్లు ఉంటుంది, వృత్తపరిధి దానికంటే తక్కువే కావాలి కనుక, 4.2397 అనే పఠనం దానంతటదే కొట్టుకుపోతుంది. అప్పుడు పదో దశాంశస్థానంలో "జన్మ"లోని "న్మ" నిలుస్తుంది. నకారాన్ని లెక్కించి సున్నా అనకుండా, మకారాన్ని తీసుకుని 5 అనాలి.

ప్రశ్నను కొద్దిగా మార్చి, పై అసలు విలువలో 17వ దశాంశ అంకె ఏదని అడిగితే మాత్రం రెండు సమాచారాలూ కలిసినా చాలవు. శ్లోకం అక్కడ "భ", అంటే 4 అంటుంది. అసలు అంకె 3, దాని తరువాతిది 8 కనుక కవి పైకి సవరించాడు. చివరి అంకె సవరించినదో, యథాతథంగా ఉంచినదో ఆ పాదాల్లో ఎక్కడా లేదు.